సిగ్నల్ లేదు

నాకు కంప్యూటర్లు బాగా తెలుసని మావాళ్ళలో ఒక పేరుంది. ఆ పేరు నిలవాలంటే ఈ సంగతి రాయకూడదు. కానీ మా ఇంట్లోవాళ్ళు దీన్ని ఇప్పటికే ప్రతి పాట్‌లక్‌లోనూ చెప్పేస్తున్నారు, అదీ సగం తప్పులతో. పోయే పరువు ఎలాగూ పోయింది, వివరాలైనా సరిగ్గా ఉండనీ అని నేనే చెబుతున్నాను.

వస్తువు పేరు స్పార్క్‌స్టేషన్ 5. సన్ మైక్రోసిస్టమ్స్ 1994లో తెచ్చిన వర్క్‌స్టేషన్. పల్చగా, చదరంగా ఉంటుంది కాబట్టి దాన్నీ దాని అన్నదమ్ముల్నీ పిజ్జా బాక్సులనేవారు. దాని అన్న స్పార్క్‌స్టేషన్ 20. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ బొమ్మల్ని రెండర్ చేసినవి అవే. తొంభైల చివర నేను సిలికాన్ వ్యాలీకి వచ్చి ఒక చిప్ డిజైన్ కంపెనీలో చేరేసరికి సన్‌లు సీనియర్ల బల్లల మీద ఉండేవి. నాలాంటివాళ్ళకి మామూలు పీసీ, అందులోంచి ఎక్కడో ఉన్న సన్‌లోకి లాగిన్. కొంత ఓపిక పడితే మనకూ ఒకటి ఇస్తారులే అనుకున్నాను. ఆ హోదా వచ్చేలోపు లినక్స్ పీసీలు వచ్చి సన్‌లను బల్లల మీంచి దింపేశాయి. నాకు ప్రమోషన్ వచ్చింది, సన్ రాలేదు.

తర్వాత 2010 జనవరిలో ఒరాకిల్ ఆ కంపెనీనే కొనేసింది. మెన్లో పార్క్‌లోని సన్ క్యాంపస్‌లో ఫేస్‌బుక్ దిగింది. గేటు దగ్గర బొటనవేలు బొమ్మతో వాళ్ళు పెట్టిన పెద్ద బోర్డు వెనక్కి వెళ్ళి చూస్తే సన్ పేరు కనిపించేది; పాత బోర్డునే తిప్పి వాడుకున్నారు. జనం ముందువైపు నిలబడి ఫొటోలు దిగుతుంటే, నేను వెనకవైపు నిలబడి దిగాను. తీసింది మా ఆవిడ. అప్పుడే ఆవిడకు అనుమానం వచ్చి ఉండాలి.

ఇంతకీ, ఫ్రీమాంట్‌లో ఒక తెలుగు పెద్దాయన ఇల్లమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారని, గరాజ్ ఖాళీ చేస్తున్నారని తెలిసింది. సన్‌లు అనుభవించిన సీనియర్ల తరం ఆయనది. వెళ్ళాను. దుప్పటి తీస్తే స్పార్క్‌స్టేషన్.

"పని చేస్తుందయ్యా. మొత్తం సెట్టు పట్టుకెళ్ళు. మానిటరూ, కీబోర్డూ, మౌసూ, మౌసు కింద పెట్టే పలకా అన్నీ ఉన్నాయి" అన్నారు.

మానిటర్ వంక చూశాను. సోనీ ట్రినిట్రాన్ గొట్టం. కారులోకి ఎత్తాలంటే ఇద్దరు మనుషులుండాలి, అందులో ఒకరికి నడుము నొప్పి ఉండకూడదు. కీబోర్డు పసుపుపచ్చగా తిరిగి, సందుల్లో ఏళ్ళనాటి చిరుతిళ్ళ నూకతో ఉంది. "వద్దండీ, ఇంట్లో మానిటర్లకేం తక్కువ. కీబోర్డులైతే సొరుగు నిండా ఉన్నాయి. డబ్బా ఒక్కటి చాలు" అన్నాను.

"కేబులైనా తీసుకోవయ్యా."

"దొరుకుతాయిలెండి."

ఆయన నన్నొకసారి పైకీ కిందకీ చూసి, "సరే బాబూ, నీ ఇష్టం" అన్నారు. ఆ చూపును నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఇంటికి తెచ్చి వెనక్కి తిప్పితే వీడియో సాకెట్ నేనెరిగిన ఏ సాకెట్‌లాగానూ లేదు. పది చిన్న పిన్నులు, మూడు పెద్ద గుండ్రటి కన్నాలు. దీన్ని 13డబ్ల్యూ3 అంటారు. మనకు అలవాటైన వీజీఏని ఐబీఎం 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. 15 పిన్నులు, మొదట్లో 640×480 చుక్కల బొమ్మ. వర్క్‌స్టేషన్లు అప్పటికే పది లక్షల చుక్కల మీద ఉన్నాయి. సన్ మామూలుగా వేసే బొమ్మ 1152×900. అంత వేగంగా నడిచే సిగ్నల్స్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ మూడు విడి కోయాక్సియల్ తీగలు ఇచ్చారు. ఆ మూడు పెద్ద కన్నాలు అవే.

కీబోర్డు సాకెట్ కూడా వేరే. గుండ్రంగా, పాత పీసీ కీబోర్డు దూరేలాగే కనిపిస్తుంది. కానీ పీసీ కీబోర్డుకి ఆరు పిన్నులు, సన్‌కి ఎనిమిది. నా సొరుగులోది ఒక్కటీ దూరలేదు. "కీబోర్డు సంగతి తర్వాత చూద్దాం, ముందు బొమ్మ రానీ" అనుకున్నాను. పాఠకులు ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

13డబ్ల్యూ3 నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ తెప్పించాను. పెట్టాను, స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది, హార్డ్ డిస్క్ గుయ్యిమంది. మానిటర్ మాత్రం సిగ్నల్ లేదంది. అప్పుడు చదివాను: సిలికాన్ గ్రాఫిక్స్ అనే ఇంకో వర్క్‌స్టేషన్ కంపెనీవాళ్ళూ ఇదే సాకెట్ వాడారు, కానీ లోపల చిన్న పిన్నుల వరస వేరు. రంగుల తీగలు ఒకటే, బొమ్మను వరసలో నిలబెట్టే సింక్ సిగ్నల్ మాత్రం సన్‌లో 5వ పిన్నులో వస్తే వాళ్ళ దాంట్లో 3వ పిన్నులో వస్తుంది. బయటికి చూస్తే రెండు ప్లగ్గులూ కవలలే. నాకు వచ్చింది సిలికాన్ గ్రాఫిక్స్‌ది. ఇక్కడిదాకా నా తప్పేం లేదు. ఇక్కడిదాకానే.

సన్ అడాప్టర్ తెప్పించాను. అదే ఫ్యాను, అదే గుయ్యి, అదే సిగ్నల్ లేదు. ఇక్కణ్ణుంచి నాలోని ఇంజనీరు లేచాడు. తప్పు మానిటర్‌లో ఉందని తేల్చాడు. వీజీఏ మానిటర్‌కి అడ్డ వరసల సింక్ ఒక తీగలో, నిలువు సింక్ ఇంకో తీగలో రావాలి. సన్ రెండింటినీ కలిపి ఒకే తీగలో పంపుతుంది. కొన్ని ఎల్‌సీడీలు దాన్ని అర్థం చేసుకుంటాయి, కొన్ని చేసుకోవు. ఇది నిజం. నేను ఈ కథలో నేర్చుకున్నవన్నీ నిజాలే, అదే అసలు దరిద్రం. అబద్ధం నమ్మి చెడిపోయినవాడికి కనీసం సానుభూతి దొరుకుతుంది.

ఇంకో మానిటర్ కొన్నాను. దాని కరపత్రంలో "సింక్ ఆన్ గ్రీన్" ఉందని రాసి ఉంది. అంటే ఆకుపచ్చ రంగు తీగలోనే సింక్‌ని కలిపి పంపే యంత్రాలతో కూడా పని చేస్తుందన్నమాట. సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలకు ఆ అలవాటుంది. తెలియని మానిటర్‌కి దాన్ని తగిలిస్తే తెరంతా పచ్చబడుతుంది. సింక్ కోసం కిందికి దిగే గుంటను చూసి అదే నలుపు అనుకుంటుంది పాపం. ఇదంతా నేను భోజనాల దగ్గర చెబుతుంటే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, మరి మన సన్ అలా పంపుతుందా?" అని. పంపదు. నా దాంట్లో సింక్ వేరే తీగలోనే వస్తుంది. ఆ సంగతి నాకు మానిటర్ కొనకముందే తెలుసు. ఉంటే మంచిదేగా అన్నాను. ఇంట్లో ఇంకెవరైనా ఆ మాటతో ఏదైనా కొంటే నేనే ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

దాని పెట్టె విప్పేలోపే అంతకంటే పెద్ద తెలివి పుట్టింది. నా ఆఫీసు గదిలో 27 అంగుళాల 4కె మానిటర్ ఉంది, సెకనుకి 144 సార్లు బొమ్మ వేస్తుంది. సన్ వేసేది 66 సార్లు. 144 వేసేవాడికి 66 ఒక లెక్కా అనుకున్నాను. దానికి వీజీఏ సాకెట్టే లేదు కాబట్టి వీజీఏని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా ఒకటి తెప్పించాను. ఆ చవక డబ్బాలు, తెరల కొలతలకు ప్రమాణాలు పెట్టే వెసా అనే సంస్థ పట్టికలో ఉన్న కొలతల్ని చూసి ఇది ఫలానా బొమ్మ అని ఊహిస్తాయి. వెసా పట్టికలో 1152×864 ఉంది, 1152×900 లేదు. పైగా వాటికి రెండు సింకులూ విడివిడిగా కావాలి. రెండు సింకుల్నీ విడదీసే చిన్న సర్క్యూట్ నేనే సోల్డర్ చేశాను. వేలు కాల్చుకున్నాను. సర్క్యూట్ బాగానే ఉందని తర్వాత తేలింది. అప్పుడు మాత్రం, దాన్ని తిట్టి మూలకి గిరాటేశాను. ఆ కోపంలోనే సన్ అడాప్టర్‌ని కూడా పనికిరాదని తిప్పి పంపేశాను, పైగా అమ్మినవాళ్ళకు కాస్త ఘాటుగా ఉత్తరం రాశాను. వాళ్ళు మర్యాదగా డబ్బు వాపసు ఇచ్చి, "యంత్రం బొమ్మ పంపుతోందని నిర్ధారించుకున్నారా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది.

ఇప్పటి మానిటర్లూ కంప్యూటర్లూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నేనింత వేయగలను, ఇంత వేయలేను అని మానిటర్ తన జాతకం చెబుతుంది, కంప్యూటర్ దాన్ని బట్టి నడుచుకుంటుంది. పాత సన్‌కి అంత సంభాషణ లేదు. మూడు పిన్నులుంటాయి, ఏవి నేలకి కలిపి ఉన్నాయో, ఏవి ఖాళీగా ఉన్నాయో చూసి ఎనిమిది రకాల మానిటర్లలో ఇది ఫలానాది అనుకుంటుంది. ఏమీ తగలకపోతే 1152×900, 66 హెర్ట్జ్ అని నిర్ణయించుకుని పని మొదలుపెడుతుంది. అడాప్టర్ తిప్పి పంపేముందు ఆ మూడు పిన్నుల్నీ రకరకాలుగా తీగముక్కలతో కలిపి కూడా చూశాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, ఆయన మానిటర్ కూడా ఇస్తానన్నారటగా?" అంది. ఆ సమాచారం ఆవిడకు ఎలా చేరిందో నాకిప్పటికీ తెలియదు.

నిజానికి నేను అప్పటికే ఫ్రీమాంట్‌కి ఫోన్ చేసి ఉన్నాను. మానిటర్ రీసైక్లింగ్‌కి వెళ్ళిపోయింది. "నువ్వే వద్దన్నావు కదయ్యా" అన్నారు ఆయన. కీబోర్డు గురించి నేను అడగనేలేదు. ఆయన చెప్పబోయారు కూడా. "కీబోర్డూ దానితోపాటే..." అంటుంటే, "అది అవసరం లేదులెండి" అని నేనే మాట తుంచాను.

క్యూపర్టినోలో డి ఆంజా కాలేజీ కార్ల పార్కింగులో ఎలక్ట్రానిక్స్ సంత జరిగేది. వేసవిలో నెలకో శనివారం, తెల్లవారకముందే. హామ్ రేడియోవాళ్ళు, రిటైరైన ఇంజనీర్లు కారు డిక్కీలు తెరిచి ఓసిలోస్కోపుల దగ్గర్నుంచి చెడిపోయిన మోడెముల దాకా పరిచి కూర్చునేవారు. టార్చిలైటు పట్టుకుని తిరిగేవాళ్ళే అసలు కొనుగోలుదారులు. ఎండెక్కాక వచ్చేవాళ్ళు నాలాంటి వెర్రివాళ్ళు. అక్కడ ఒక అమెరికన్ ముసలాయన దగ్గర 13డబ్ల్యూ3 కేబుళ్ళ కట్ట కనిపించింది. ఒకప్పుడు వర్క్‌స్టేషన్లు బాగుచేసే ఫీల్డ్ ఇంజనీరుగా తిరిగానన్నాడు. నా కథంతా చెప్పాను. అడాప్టర్లు, కలిసిన సింకు, పచ్చ సింకు, వెసా పట్టిక, మూడు పిన్నులు, నా సర్క్యూటు. ఆయన ఓపిగ్గా విన్నాడు. మధ్యలో రెండుసార్లు తల కూడా ఊపాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు: "స్విచ్ వేసినప్పుడు కీబోర్డు లైట్లు మిణుకుమంటున్నాయా?"

"కీబోర్డు లేదు" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. వంగి, అట్టపెట్టెలోంచి పసుపుపచ్చగా తిరిగిన సన్ టైప్ 5 కీబోర్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దాని ధర, ఉచితంగా వచ్చిన యంత్రం ధరకంటే ఎంత ఎక్కువో చెప్పక్కర్లేదు.

సంగతి ఇది. సన్ యంత్రం నిద్ర లేవగానే ముందు కీబోర్డు ఉందా అని చూస్తుంది. లేకపోతే, నా ముందు మనిషి లేడు, నేను ఎక్కడో మెషిన్ రూములో సర్వర్‌గా ఉన్నాను అనుకుంటుంది. బొమ్మ వేయడం మానేసి, తన మాటలన్నీ వెనకాల ఉన్న 25 పిన్నుల సీరియల్ పోర్టు గుండా సెకనుకి 9600 బిట్ల వేగంతో పంపుతుంది. పెరటి గుమ్మంలో నిలబడి పిలుస్తున్న చుట్టం కోసం నేను వీధి తలుపు తీస్తూ, మూస్తూ, కొత్త తలుపులు కొంటూ గడిపాను. పైగా ఆ మాటల్లో మొదటి వరసలో అది ఏం రాస్తుందో తెలుసా? యంత్రం పేరు, ఆ పక్కనే "నో కీబోర్డ్" అని. నేను స్విచ్ వేసిన ప్రతిసారీ నా జబ్బేమిటో పేరు పెట్టి మరీ చెప్పింది.

దీన్ని అజ్ఞానం ఖాతాలో వేయొచ్చు కదా అనిపిస్తుంది. వేయనివ్వను, ఎందుకంటే ఈ సంగతి నాకు తెలుసు. మెషిన్ రూములో సన్ సర్వర్లు మొరాయించినప్పుడు, ల్యాప్‌టాప్ తెచ్చి సీరియల్ కేబుల్ పెట్టి, బొమ్మ తెర మీదికి పోకుండా కీబోర్డు పీకేసేవాణ్ణి నేనే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఆ కిటుకు నేర్పింది కూడా నేనే. ఉద్యోగంలో చేతికి తెలిసిన విద్య, గరాజ్‌లో తలకి గుర్తురాలేదు. మెషిన్ రూములో సన్ నాకు పనిముట్టు. ఇంట్లో అది నాకు దక్కని సీనియర్ కుర్చీ. కుర్చీలో కూర్చోవాలన్న తొందరలో ఉన్నవాడు వెనకాల పోర్టు వైపు ఎందుకు చూస్తాడు?

ఇంటికొచ్చి కీబోర్డు తగిలించి, తిప్పి పంపిన అడాప్టర్‌నే మళ్ళీ కొని పెట్టాను. అమ్మినవాళ్ళు ఏమీ అనలేదు, ధర కూడా పెంచలేదు. స్విచ్ వేశాను. లైట్లు మిణుకుమన్నాయి. అన్నిటికంటే ముందు నేను తప్పుబట్టిన మా ఇంట్లోని పాత ఎల్‌సీడీ మానిటర్‌లోనే తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు వచ్చాయి: స్పార్క్‌స్టేషన్ 5, "కీబోర్డ్ ప్రెజెంట్". పచ్చ సింకు మానిటర్ పెట్టె విప్పాల్సిన అవసరమే లేకపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నన్ను మనిషిగా గౌరవించేవారు. కానీ అక్షరాలు వణుకుతున్నాయి. గాజు గొట్టానికి చుక్కలతో పని లేదు, వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టు గీసుకుంటూ పోతుంది. ఎల్‌సీడీ మాత్రం ఒక్కో వరసని సరిగ్గా ఎన్ని ముక్కలుగా కోయాలో తెలుసుకోవాలి. సన్ వరసలో కనిపించేవి 1152 చుక్కలు, కనిపించని అంచులతో కలిపి 1504. ఈ 1504 అన్న అంకె మానిటర్‌కి ఎవరూ చెప్పరు. తనకు తెలిసిన పట్టికల్లోంచి దగ్గర అంకె ఏదో ఊహించుకుంటుంది, ఊహ కొంచెం తప్పితే తెర మీద నిలువు పట్టీలుగా అక్షరాలు మసకబారతాయి. మెనూలో క్లాక్, ఫేజ్ అని రెండు సర్దుబాట్లుంటాయి, వాటిని తిప్పుతూ కూర్చోవాలి. కూర్చున్నాను. కొంత తేరుకుంది. అయినా తృప్తి లేదు.

వెసా పట్టికలో ఉన్న 1024×768, 60 హెర్ట్జ్‌కి దిగితే గొడవ ఉండదని, యంత్రాన్ని లేపే ఓపెన్‌బూట్ ప్రోగ్రాంలో "ఓకే" ప్రాంప్ట్ దగ్గర ఆ సెట్టింగు రాశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆఫ్ చేసి మళ్ళీ వేస్తే మర్చిపోయింది. ఈ సెట్టింగులు, నెట్‌వర్క్ చిరునామాతో సహా, బ్యాటరీ ఉన్న ఒక టైమ్‌కీపర్ చిప్‌లో ఉంటాయి. ఆ బ్యాటరీ చిప్ మీదే, గట్టి ఎపాక్సీలో పూడ్చేసి ఉంటుంది. ఆయుష్షు ఓ పదేళ్ళు. నా దానికి ఎప్పుడో తీరింది. ఈథర్‌నెట్ చిరునామా అడిగితే వరసగా ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఎఫ్ అని చెబుతోంది. వాడుకలో ఉన్న వైద్యం ఏమిటంటే, పై పెంకును చిన్న రంపంతో కోసి, లోపలి బ్యాటరీ కొసల్ని వేరుచేసి, బయట గడియారపు బ్యాటరీ ఒకటి సోల్డర్ చేయడం. ఏ వైపు కోయాలో బొమ్మలతో సహా చదివాను. చిప్‌ని తిరగేసి పట్టుకుని కోశాను. అది చచ్చింది. కొత్త చిప్ కొన్నాను. మామూలుగా సాకెట్లోకి నొక్కేదే అది, రంపంతో పనే లేదు. ఆ పని మొదటే చేసి ఉండొచ్చు.

సంతలో కీబోర్డుతోపాటు కొన్న మౌసుకీ ఒక పేచీ ఉంది. అది లేజరు మౌసుల కాలానికి ముందుది, గళ్ళు అచ్చువేసిన ప్రత్యేకమైన పలక మీద తప్ప కదలదు. ఆ పలక కూడా ఫ్రీమాంట్ పెద్దాయన ఇస్తానన్నదే. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇప్పుడు యంత్రం నడుస్తోంది. 1280×1024 తెర మీద 1024×768 బొమ్మ సాగదీసినట్టుంటుంది కాబట్టి అక్షరాల అంచులు కాస్త మెత్తబడి కనిపిస్తాయి. దాని ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్ లేవడానికి కాఫీ కలుపుకుని తాగేంత సేపు పడుతుంది. లేచాక దాని మీద నేను చేసే పనంటూ ఏదీ లేదు, గడియారం చూస్తాను. దీని మీద పెట్టిన ఖర్చుతో, అన్ని భాగాలూ ఉండి నడుస్తున్న సెట్టునే కొనుక్కోవచ్చని మా అమ్మాయి లెక్కగట్టి చూపించింది. లెక్క సరిగ్గానే ఉంది.

మీకెవరైనా పాత వర్క్‌స్టేషన్ ఊరికే ఇస్తానంటే కీబోర్డు, మౌసు, మౌసు కింది పలక, వీడియో కేబులు, మానిటరు, ఇవన్నీ ఇస్తేనే తీసుకోండి. నడుము బాగోకపోతే పక్కింటి కుర్రాణ్ణి తోడు తీసుకెళ్ళండి. తెర నల్లగా ఉంటే ముందు కీబోర్డు లైట్లు చూడండి, తర్వాత సీరియల్ పోర్టుకి ల్యాప్‌టాప్ తగిలించి చూడండి, ఆ తర్వాతే అడాప్టర్లు కొనండి. పెట్టె కూడా విప్పని పచ్చ సింకు మానిటర్ ఒకటి మా గరాజ్‌లో ఉంది. కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి, కేబుల్‌తో సహా ఇస్తాను.